చేపలకి ఐదు స్టార్లు, ఎర్ర క్రేఫిష్‌కి ఒకటి: విజయనగరంలో ఒక అక్వేరియం షాపు

మా ఇంట్లో అక్వేరియం పెట్టి రెండేళ్లయింది. గాజు తొట్టె కొన్నదీ, తర్వాత చేపలూ మేతా ఫిల్టరూ కొన్నదీ అన్నీ విజయనగరంలో గంటస్తంభానికి నడిచే దూరంలో ఉన్న ఒకే షాపులో. షాపు పేరు రాయడం లేదు. ఓనరు మంచి మనిషి, ఆయన పరువు తీయడం నా ఉద్దేశం కాదు. కానీ మన జిల్లాలో అక్వేరియం పెట్టుకున్నవాళ్లూ, పెట్టాలనుకుంటున్నవాళ్లూ, ముఖ్యంగా ఊళ్లో పొలం ఉన్నవాళ్లూ ఇది చదవాలి.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే అది నిజంగా ఉంది. ఈ షాపులో చేపలు ఆరోగ్యంగా ఉంటాయి. వరసగా ఉన్న తొట్టెల్లో ఒక్క చచ్చిన చేప తేలడం నేను చూడలేదు. కొత్తగా వచ్చిన సరుకుని వారం రోజులు వెనక గదిలో విడిగా ఉంచి, తిండి తింటున్నాయని చూసుకున్నాకే ముందుకి తెస్తారు. మున్సిపాలిటీ నీళ్లు పట్టిన వెంటనే తొట్టెలో పోయొద్దని, ఒక రోజు బకెట్‌లో ఉంచి క్లోరిన్ పోయాక పోయమని మొదటిసారి వెళ్లినప్పుడే చెప్పారు. కవరులో ఆక్సిజన్ పట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి, పైన పేపరు చుట్టి ఇస్తారు, మే నెల ఎండలో కూడా ఊరి దాకా తీసుకెళ్లాను, ఒక్కటి కూడా పోలేదు. గోల్డ్‌ఫిష్ తొట్టెలో చిన్న చేపలు కలపనివ్వరు, కొంటానన్నా వద్దంటారు. అమ్మకం పోయినా పర్లేదనుకునే షాపులు ఎన్ని ఉంటాయి చెప్పండి. చేపల వరకూ నా ఐదు స్టార్లూ వీళ్లకే.

ఇంక గొడవకి వస్తాను.

పోయిన సంవత్సరం సంక్రాంతి సెలవుల్లో మా బాబు (ఏడో తరగతి) ఆ షాపులో ఒక టబ్ దగ్గర నిలబడి కదలడం లేదు. లోపల ఎర్రగా, ముందు రెండు పెద్ద కొండ్లతో, వెనక రొయ్య లాంటి తోకతో ఏడెనిమిది ఉన్నాయి. బోర్డు మీద ‘లాబ్‌స్టర్ 250’ అని రాసి ఉంది. నిజానికి లాబ్‌స్టర్ సముద్రంలోది, ఇది మంచినీటిలో బతికే క్రేఫిష్. మన భాషలో దీనికి పేరు లేదు, ఉండడానికి కారణమూ లేదు. రొయ్య మనది, పీత మనది, కానీ క్రేఫిష్ అన్నది మన దేశంలో ఎక్కడా పుట్టలేదు. ఎర్రటి ఈ రకం సొంత ఊరు అమెరికా దక్షిణ భాగం, లూసియానా బురద నేలలు, ఇంకా మెక్సికో ఈశాన్యం. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం పిల్లాడి మొహం చూసి ఒకటి కొనేశాను. చేపల్ని తినేస్తుందని, విడిగా చిన్న తొట్టె కావాలని, మూత గట్టిగా పెట్టమని షాపు కుర్రాడు చెప్పాడు. మూత సంగతి నిజమే, రెండో రాత్రే ఎయిర్ పైపు పట్టుకుని ఎక్కేసి వంటింటి గుమ్మం దగ్గర దొరికింది. నీళ్లలోంచి బయటికొచ్చి గంటల తరబడి నడవగలదన్న మాట ఆ రోజే నా బుర్రలో పడాల్సింది.

నాన్న నెలకోసారి ఊరి నుంచి వస్తారు. నెల్లిమర్ల వైపు మాకు మూడెకరాలుంది, చెరువు కింద పల్లం. తొట్టె ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు దాన్నే చూశారు. చేపల రంగుల గురించి ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, దీన్ని చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

‘ఇది బొక్కలు తవ్వుతాదేట్రా?’

నాకు తెలీదు. ఇంటర్నెట్‌లో చూశాను. తవ్వుతుంది. అర మీటరు నుంచి మీటరు దాకా, కొన్నిసార్లు ఇంకా లోతుకి, కింద తడి తగిలేదాకా తవ్వుతుంది. పైన నీరు ఎండిపోతే ఆ బొరియ మూతికి మట్టి కప్పుకుని లోపల తడిలో నెలలు గడుపుతుంది, మళ్లీ నీరు రాగానే బయటికి వస్తుంది.

నాన్న ఎందుకడిగారో పొలం లేనివాళ్లకి తెలియాలంటే ఒక తెల్లవారుజాము గురించి చెప్పాలి. ఉభాలు (వరి నాట్లు) అయిన కొత్తలో చెరువు నీరు వంతుల మీద వస్తుంది. మన వంతు రాత్రి పదకొండుకి వస్తే పదకొండుకే వెళ్లి మదుం (తూము) తీసుకుని మడి నింపుకోవాలి. అలా నింపి ఇంటికొచ్చి పడుకుని, తెల్లారి వెళ్లి చూస్తే మడిలో నీరు లేదు, నాట్లు బురదలో వాలి ఉన్నాయి, కింద రైతు మడి మాత్రం నిండుగా ఉంది. నాన్న గట్టు వెంబడి వంగి నడుస్తూ అరచేయి మట్టికి ఆనించి వెతికారు. ఒకచోట చెయ్యి ఆగింది. అణా బిళ్లంత బొక్క, దాని అంచున పీత తోడి పోసిన మట్టి ఉండలు ఇంకా తడిగా ఉన్నాయి. గట్టుకి అవతలి వైపు అదే బొక్క గుప్పెడంత వెడల్పయిపోయింది, నీరు మట్టిని కోసుకుంటూ పోయింది. పారతో అక్కడ అడుగు లోతు కోసి, ఎండుగడ్డి కలిపిన బురద ముద్దలు కుక్కి, మడమతో తొక్కి, పైన మళ్లీ బురద మెత్తారు. ఆ వంతు నీరు మాత్రం పోయినట్టే, మళ్లీ వంతు ఐదు రోజులకి. ఇది మన సొంత పీత చేసే పని. దాన్ని తినే కొంగలున్నాయి, నక్కలున్నాయి, ఆదివారం పులుసు పెట్టుకునే మనమూ ఉన్నాం, తరాలుగా ఒక లెక్కలో నడుస్తోంది. దానికి తోడు ఇంకోటి, అదీ బయట నుంచి, ఏడాదిలో రెండుసార్లు పిల్లలు పెట్టేది వస్తే గట్లు ఎవరు కాపలా కాస్తారు?

ఏప్రిల్‌లో ఆ పిల్లల సంగతి కూడా చూశాను. ఒక రోజు బాబు పిలిచి తోక కింద చూడమన్నాడు. నల్లటి గుడ్లు, నేరేడు రంగులో, మిరియం గింజ కంటే చిన్నవి, గుత్తులుగా తోక కింది చిన్న కాళ్లకి అతుక్కుని ఉన్నాయి, ఆ కాళ్లని అది ఆడిస్తూ వాటికి నీటిలోని గాలి తగిలేలా చూసుకుంటోంది. ఒక్కటే కదా ఉన్నది, మగది లేదు కదా అని ఆశ్చర్యపోయాం. దీని ఆడది జతకట్టాక ఆ బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది, తర్వాత వీలు చూసుకుని గుడ్లు పెడుతుంది. అంటే షాపు టబ్‌లోనే జత అయిపోయింది. మూడు వారాలు దాటాక పిల్లలు బయటపడ్డాయి, కొన్నాళ్లు తల్లి తోక పట్టుకుని వేలాడాయి, తర్వాత విడిపోయి తొట్టె అడుగంతా పాకాయి. బియ్యపు గింజంత ఉన్నా, చిటికెడంత కొండ్లు పైకెత్తి ఒకదాన్నొకటి బెదిరించుకుంటాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట ఎనభై దగ్గర ఆపేశాను.

షాపుకి ఫోన్ చేశాను. వెనక్కి తీసుకుంటారా అని అడిగితే, కౌంటర్‌లో ఉన్న కుర్రాడు చాలా మామూలుగా, సాయం చేస్తున్నట్టుగా అన్న మాట ఇది: ‘అన్ని మేమేం చేసుకుంటాం సార్, మీ ఊళ్లో చెరువులోనో గెడ్డలోనో వదిలీండి, పుణ్యం కూడా.’

నా రివ్యూ అంతా ఈ ఒక్క వాక్యం గురించే. ఆ కుర్రాడి మీద కోపం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ ఒక షాపు రోజూ అమ్మే ప్రాణి గురించి ఇంత మాత్రం తెలుసుకోకపోతే ఎలా?

ఎందుకంటే ఇది వేరే దేశాల్లో ఇలాగే మొదలైంది. జపాన్‌కి 1927లో ఈ ఎర్ర క్రేఫిష్‌ని తెచ్చింది పెంపుడు కప్పలకి మేతగా. కప్పల వ్యాపారం పక్కన పెట్టండి, ఇవాళ ఆ దేశంలో వరిచేల కాలువల నిండా ఇదే. చివరికి 2023 జూన్ 1 నుంచి అక్కడ దీన్ని అమ్మడమూ, బయట నీళ్లలో వదలడమూ నేరం చేశారు. ఇంట్లో ఉన్నదాన్ని ఉంచుకోవచ్చు, వదలకూడదు, అంతే. ఆ తేడా వాళ్లు ఎందుకు పెట్టారో నాకు బాగా అర్థమైంది. ఉంచుకోవడమూ నేరం అంటే జనం భయపడి రాత్రికి రాత్రి కాలువల్లో పారబోస్తారు. స్పెయిన్‌లో 1970ల్లో గ్వాదల్‌కివీర్ నది దగ్గర వరి పొలాల్లోకి వ్యాపారం కోసం తెచ్చారు, తర్వాత పోర్చుగల్ దాకా పాకింది. గట్లకి బొక్కలు, కాలువల్లో నీటి నష్టం, మొలకల మీద దాడి. యూరోపియన్ యూనియన్ 2016లో దీన్ని ప్రమాదకర బయటి జీవుల జాబితాలో పెట్టింది.

మొలకల విషయం మనవాళ్లు గమనించాలి. ఇది ముదిరిన నాటుని పెద్దగా ఏమీ చేయదు, నీళ్లలో మొలకెత్తుతున్న విత్తనాన్నీ లేత మొలకనీ తింటుంది, కత్తిరించి వదిలేస్తుంది. ఉభాలు చేసేవాళ్ల కంటే మడిలో నీరు పెట్టి మొలక విత్తనం చల్లే రైతుకి దెబ్బ ఎక్కువ. కూలీలు దొరక్క మన దగ్గర ఎదలకి (విత్తనం చల్లడానికి) మారుతున్నవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు కదా, అందుకే చెప్తున్నాను. మొక్క ఒక్కటే కాదు, నీటి అడుగున ఉండే నాచు, గడ్డి, నత్తలు, కప్ప గుడ్లు, చేప గుడ్లు, ఏది దొరికితే అది. అడుగు మట్టి కలిపేసి నీరు బురదగా చేస్తుంది, ఎండ లోపలికి దిగక నీటి మొక్కలు పోతాయి.

ఇంకొకటి మన తీరం వాళ్ల కోసం. రొయ్యల చెరువులకి తెల్లమచ్చల జబ్బు తెచ్చే వైరస్‌ని ఈ క్రేఫిష్ కూడా మోయగలదు. ఆ జబ్బు 1994, 95లో ఆంధ్రా తీరంలో ఎన్ని కుటుంబాల్ని ముంచిందో ఆ వయసు వాళ్లకి గుర్తుంటుంది. మా గెడ్డ నీరు పోయేది చంపావతిలోకి. చంపావతి పోయేది పూసపాటిరేగ వైపు, కోనాడ దగ్గర సముద్రంలోకి. ఆ దారిలో ఎన్ని రొయ్యల చెరువులున్నాయో మీకు తెలుసు. ‘పుణ్యం’ అనుకుని నేను వదిలిన నూట ఎనభై ఎక్కడి దాకా వెళ్లొచ్చో ఊహిస్తేనే టెన్షన్ వచ్చింది.

వచ్చాక చూసుకోవచ్చులే, వలలేసి పట్టేయొచ్చులే అంటారేమో. అది కూడా చదివాను. బుట్టలు పెడితే పడేవి పెద్దవి, అందులోనూ ఎక్కువగా మగవి. చిన్నవి కన్నాల్లోంచి జారిపోతాయి, గుడ్లు మోసే ఆడది బొరియలోంచి బయటికే రాదు. పైగా పెద్దవే చిన్నవాటిని తింటాయి కాబట్టి, పెద్దవాటిని తీసేస్తే చిన్నవి ఇంకా బాగా బతుకుతాయి. నీరు తీసేసి ఎండగడదామంటే బొరియలో దాక్కుంటుంది. మందు కొడదామంటే, దాన్ని చంపే మందు రొయ్యనీ పీతనీ నీటి పురుగుల్నీ ఏదీ వదలదు. బ్రిటన్‌లో, నార్వేలో ఇంకో రకం క్రేఫిష్ మీద మందు వాడి చూశారు, అది కూడా బయటికి పారే దారి లేని చిన్న కుంటల్లో. మన చెరువు అలా కాదు, మత్తడి దాటితే గెడ్డ, గెడ్డ దాటితే ఏరు. వేటాడే చేపల్ని వదలడం, ఏళ్ల తరబడి బుట్టలు పెట్టడం, ఇవన్నీ కలిపి చేస్తే తగ్గుతుంది. పూర్తిగా పోగొట్టిన చోట్లు చాలా తక్కువ. ఒకసారి కాలువలో పడ్డాక ఖర్చు మన పిల్లల తరం దాకా.

‘తినేస్తే సరి’ అన్న మాట మా ఆఫీసులో ఇద్దరు అన్నారు. చైనాలో హుబే వైపు వరిచేలోనే దీన్ని పెంచి అమ్ముతారు, పెద్ద వ్యాపారం, లూసియానాలో వరి కోసాక అదే మడిలో నీరు పెట్టి దీన్ని పెంచుతారు. నిజమే. కానీ లూసియానాలో అది పుట్టిన నేల, దాన్ని తినేవన్నీ అక్కడున్నాయి. మిగతాచోట్ల డబ్బు వస్తుందని తెలిసిన రోజున జనం దాన్ని పట్టి తినడంతో ఆగరు, పక్క చెరువుల్లోకి మోసుకెళ్లి వదులుతారు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ విషయంలో మన కళ్ల ముందే జరిగింది కదా, కేంద్రం నిషేధించింది, దొంగచాటుగా పెంచడం మాత్రం ఆగలేదు. అక్వేరియం గోడలకి అంటుకుని నాచు తింటుందని కొన్న సక్కర్ చేప చెరువుల్లో పెరిగి రాకాసి చేప అయింది. గుర్రపు డెక్క కూడా పువ్వు బావుందని తెచ్చిందే, ఇవాళ మన ఊరి చెరువుల్లో నీరు కనపడకుండా కప్పేసింది.

పాలరాయి మీద చారల్లాంటి మచ్చలుండే ఇంకో క్రేఫిష్ ఉంది, మార్బుల్డ్ అంటారు. దయచేసి అది ఎవరైనా అమ్మజూపితే అసలు తీసుకోకండి. దానికి మగదే లేదు. అన్నీ ఆడవే, ఒక్కటి చాలు, తనంతట తనే గుడ్లు పెట్టి తన నకళ్లనే కంటుంది. 1990ల్లో జర్మనీలో అక్వేరియం పెంపకందారుల దగ్గర బయటపడింది. మడగాస్కర్‌లో 2007 నుంచి 2017 మధ్య అది ఉన్న ప్రాంతం వంద రెట్లు పెరిగింది, అదీ వరి పండించే దేశమే.

మా ఇంట్లో వాటిని ఏం చేశామో కూడా చెప్పాలి, ఎందుకంటే అడిగితే చెప్పేవాళ్లు లేక నేను రెండు రోజులు ఇబ్బంది పడ్డాను. టీ వడపోతతో పిల్లలన్నిటినీ తీసి, మూతున్న డబ్బాలో కొద్ది నీళ్లతో ముందు ఫ్రిజ్‌లో ఉంచాను, అవి మందగించి కదలడం మానేశాక ఫ్రీజర్‌లో పెట్టాను. రెండు రోజుల తర్వాత పెరట్లో గొయ్యి తీసి పాతాను. తొట్టె నీళ్లు కూడా మురుగు కాలువలో పోయలేదు, మేడ మీద ఎండలో ఆరబోశాను, ఎందుకంటే మిగిలిన ఒకటీ అరా అందులో ఉంటే కాలువలోంచి బతికి బయటపడగలదు. బాబు ఏడ్చాడు. అన్నీ ఒక్కరోజులో చచ్చిపోయాయి నాన్నా అన్నాడు. నేను వాడిని ఆ ఆదివారం ఊరికి తీసుకెళ్లి, మా నాన్న మూసిన బొక్క చోట గట్టు మీద నిలబెట్టి చూపించాను. వాడు వంగి మట్టి నొక్కి చూశాడు, ఏం మాట్లాడలేదు. తల్లి క్రేఫిష్ మా ఇంట్లోనే ఉంది, ఒంటరిగా, మూత మీద ఇటుకతో. మళ్లీ గుడ్లు పెడితే పొదగకముందే తీసేస్తాం, నెలకోసారి తోక కింద చూసే పని బాబుదే.

తర్వాత షాపుకి స్వయంగా వెళ్లి ఓనరుతో మాట్లాడాను. ఆయన మొత్తం విన్నారు. మధ్యలో ఇద్దరు కస్టమర్లు వచ్చినా ఆగమన్నారు. ఆయనది కూడా గజపతినగరం వైపు రైతు కుటుంబమే, పీత బొక్క అనగానే తలూపారు. నేను మూడు అడిగాను: బోర్డు మీద లాబ్‌స్టర్ అని కాకుండా క్రేఫిష్ అని రాయమని, కొన్నవాళ్లకి బయట నీళ్లలో వదలొద్దని చెప్పమని, వద్దనుకున్నవాళ్ల దగ్గర వెనక్కి తీసుకోమని. అమ్మడమే మానేయమని కూడా అడిగాను. ఆ ఒక్కదానికి మాత్రం ‘పిల్లలు దాని కోసమే వస్తారండి’ అన్నారు.

మీరు ఏ షాపులో కొన్నా సరే, కొనే ముందు ఒక్క మాట అడగండి, ‘మాకు వద్దనిపిస్తే మీరు వెనక్కి తీసుకుంటారా’ అని. తీసుకోం అంటే ఆ ప్రాణిని కొనకండి. ఇప్పటికే కొని విసుగొచ్చి ఉంటే పెద్ద చెరువులోనో అయ్యకోనేరులోనో వదిలే ఆలోచన మానుకోండి. తాబేళ్లకీ ఇదే, చెవి దగ్గర ఎర్ర గీత ఉండే బుల్లి తాబేలు కూడా అమెరికాదే.

మొన్న ఫిల్టరు స్పాంజి కోసం మళ్లీ వెళ్లాను. టబ్ అక్కడే ఉంది, లోపల నాలుగు ఉన్నాయి, బోర్డు మీద ఇంకా లాబ్‌స్టర్ అనే ఉంది. కానీ అదే కుర్రాడు ఒకాయనకి కవరు కడుతూ, పెంచలేకపోతే ఎక్కడా వదలొద్దని, ఇక్కడికే తెచ్చిమ్మని చెప్తుంటే విన్నాను. నన్ను చూసి కాదు, నేను తొట్టెల వెనకున్నాను. అందుకని క్రేఫిష్ విషయంలో ఇచ్చిన ఒక స్టారుని రెండు చేస్తున్నాను. బోర్డు మార్చి, ఆ టబ్ తీసేసిన రోజున మిగతావి కూడా ఇస్తాను.